ముప్పై అయిదు వేల టన్నుల మావయ్య

మా మావయ్య ఇరవై ఆరేళ్ళలో ముప్పై అయిదు వేల టన్నుల సున్నపురాయి కాజేశాడని తేల్చిన కాగితం టైపు చేసింది నేనే. మూడు కాపీలు తీశాను. ఒకటి ఆయనకి, ఒకటి ఫైలుకి, ఒకటి నోటీసు బోర్డుకి. బోర్డు మీది కాగితం గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా పిన్నులు గుచ్చింది కూడా నేనే. నా ఉద్యోగం అలాంటిది, ఆ ఉద్యోగం ఇప్పించింది మావయ్యే.

ఆయన మా అమ్మకి తమ్ముడు. సున్నం ఫ్యాక్టరీలో తూకం వేసేవాడు. ఫ్యాక్టరీ మొత్తానికి ఆయన పేరు తూకం మావయ్య. వరసకి ఏమీ కాని లారీ డ్రైవర్లు, ఆయన కంటే పెద్దవాడైన గేటు కాపలాదారు, అందరూ అలాగే పిలిచేవారు. పొట్టిగా ఉంటాడు. చొక్కా జేబులో ఒక సుద్దముక్క, ఒక పెన్సిలు, చేతిలో ఒక నోటుబుక్కు. చదువు పదో తరగతి. మిగతాదంతా ఫ్యాక్టరీలో ఒకప్పుడుండే ముసలి కెమిస్టు దగ్గర, చిరిగిన గోనెసంచుల మీద సుద్దతో రాసుకుని నేర్చుకున్నాడు.

ఆ చదువేమిటో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. రాయిని బట్టీలో వేసి కాలిస్తే సున్నం అవుతుంది. కానీ వంద కిలోల రాయి వేస్తే వంద కిలోల సున్నం రాదు. రాయి లోపల ఒక గాలి ఇరుక్కుని ఉంటుంది. మంట తగలగానే అది విడిపోయి పొగగొట్టంలోంచి తన దారి తను చూసుకుంటుంది. కల్తీ లేని రాయి అయితే వందకి నలభై నాలుగు కిలోలు గాలి పోతుంది, యాభై ఆరు కిలోలు సున్నం మిగులుతుంది. "కాల్షియం నలభై, కర్బనం పన్నెండు, ఆక్సిజన్ పదహారు చొప్పున మూడు, అంటే నలభై ఎనిమిది. మొత్తం వంద. తూకం వేసేవాళ్ళ మీద జాలిపడి దేవుడే వందకి సరిపెట్టాడే అమ్మాయ్" అనేవాడు మావయ్య. బట్టీలో ఏ రకం రాయి ఎంత పడిందో చూసి, ఎంత సున్నం వస్తుందో ముందే బోర్డు మీద రాసేవాడు. సాయంత్రానికి తూకం వేస్తే అటూ ఇటూగా అంతే వచ్చేది. ఎక్కువ వస్తే ఎవరూ సంబరపడకూడదు. రాయి లోపల పచ్చిగా ఉండిపోయిందని అర్థం, మళ్ళీ కాల్చాలి.

ఈ పిచ్చి ఇంట్లోనూ ఉండేది. నాకు పదేళ్ళప్పుడు గుమ్మం దగ్గర చెప్పులన్నీ పోగేసి, "ఎడమవి ఏడు, కుడివి నాలుగు. ఎన్ని జతలు?" అని అడిగాడు. నాలుగన్నాను. "మిగతా మూడూ?" "ఊరికే ఉంటాయి." "అదే కెమిస్ట్రీ అంటే. ఏది తక్కువుందో అది అయిపోగానే పని ఆగిపోతుంది" అన్నాడు. నేను పరీక్ష తప్పినప్పుడు అందరూ ఓదారుస్తుంటే ఆయన మాత్రం, "నీకు తెలివి ఏడుంది, ఓపిక నాలుగుంది" అన్నాడు. వారం రోజులు మాట్లాడలేదు నేను. ఓపిక ఇప్పటికీ నాలుగే ఉందని ఈ కథలో మీకే తెలుస్తుంది.

మావయ్య రిటైరవడానికి సరిగ్గా ఒక నెల ఉందనగా కొత్త స్టోర్స్ ఆఫీసరు వచ్చాడు. అంతకుముందు బోల్టులూ నట్లూ నిల్వచేసే గిడ్డంగిలో పనిచేశాడట. లోపలికి వంద బోల్టులు వస్తే బయటికి వంద బోల్టులు వెళ్ళాలి. ఆయన జీవితంలో ఎప్పుడూ ఏ బోల్టూ ఆవిరి కాలేదు. మేం ఆయనకి బోల్టు సారు అని పేరు పెట్టుకున్నాం. వచ్చిన మూడోరోజు పాత రిజిస్టర్లన్నీ దింపించి కూడికలు, తీసివేతలు వేయించాడు. లోపలికి వచ్చిన రాయి డెబ్భై ఎనిమిది వేల టన్నులు. బయటికి వెళ్ళిన సున్నం నలభై మూడు వేల టన్నులు. తూకం వేసిన మనిషి ఒక్కడే. ఆయనని పిలిపించాడు.

"పదార్థాన్ని ఎవరూ సృష్టించలేరు, ఎవరూ నాశనం చేయలేరు. తొమ్మిదో తరగతిలో చదివాను" అన్నాడు బోల్టు సారు.

"అవును సార్" అన్నాడు మావయ్య. ఇన్నాళ్ళకి చదువుకున్నవాడు దొరికాడన్న సంతోషం ఆయన మొహంలో కనిపించింది.

"అంటే ఈ ముప్పై అయిదు వేల టన్నులు నాశనం కాలేదు."

"కాలేదు సార్."

"అంటే ఎక్కడో ఉన్నాయి."

"ఉన్నాయి సార్."

"ఎక్కడున్నాయో మీకు తెలుసు."

"తెలుసు సార్. చాలావరకు గాల్లో."

బోల్టు సారు నా వైపు తిరిగి, "సరుకు ఉన్న చోటు తనకు తెలుసునని ఒప్పుకున్నట్టు రాయండి" అన్నాడు. రాశాను. అలా పుట్టింది ఆ మూడు కాపీల కాగితం.

నవ్వుకుని ఊరుకుందామంటే పదిహేడో నిబంధన ఒకటుంది. ఎవరి లెక్కలో లోటు ఉంటుందో వాళ్ళని ఆ లోటు తీరేదాకా ఉద్యోగంలోంచి వదలరు. వయసు ఎంతైనా సరే. అంటే మావయ్య ముప్పై అయిదు వేల టన్నులు తెచ్చి అప్పగించేదాకా రోజూ డ్యూటీకి రావాలన్నమాట. ఆయనకి అది శిక్ష కాదు, చిన్నప్పటినుంచీ అక్కడే తిరిగిన మనిషి. శిక్ష అత్తయ్యకి.

అత్తయ్యకి ఊపిరితిత్తులు బాగాలేవు. వాళ్ళ క్వార్టరు పొగగొట్టానికి వెనకాలే, రెండు గదులు. బట్టీ నోరు తెరిచినప్పుడల్లా సున్నం దుమ్ము లేచి ముందు ఆ ఇంటి మీదే వాలేది. పొద్దున ఆరేసిన చీర మధ్యాహ్నానికి అట్టలా బిగుసుకునేది. నెల తిరిగేలోగా ఈ చోటు వదలమని డాక్టరు గట్టిగా చెప్పాడు. సముద్రం పక్క ఊళ్ళో ఉండే అత్తయ్య వాళ్ళక్క తన మేడమీద గది ఖాళీగా పెట్టి ఎదురు చూస్తోంది. "ఒకటో తేదీ దాకా ఆపుతానే. ఆ తర్వాత నా చేతుల్లో లేదు, మీ బావగారు వేరేవాళ్ళకి మాటిచ్చేశారు" అని ఫోన్లో చెప్పింది. ముందు నువ్వు వెళ్ళు అత్తయ్యా అంటే ఆవిడ వినలేదు. "నేనక్కడ హాయిగా ఊపిరి పీల్చుకుంటూ కూర్చుంటే ఈయనకి ఇక్కడ అన్నం ఎవరు వండుతారే? ఉడికిందో లేదో తూకం వేసి చూసే మనిషి" అంది. అలా అన్న తర్వాత రెండు నిమిషాలు దగ్గింది.

ఇంటిని సోదా చేయడానికి ముగ్గురు వచ్చారు. చేతిలో వేలాడే త్రాసు ఒకటి. ముప్పై అయిదు వేల టన్నులకి అది సరిపోదని వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. "కాళ్ళు దులుపుకుని రండి, ఇప్పుడే ఊడ్చాను" అంది అత్తయ్య. మంచాల కింద చూశారు, బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి చూశారు, అటక మీద చూశారు. చివరికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన రాయి ఒకటి దొరికింది. తూకం వేశారు. స్వాధీనం చేసుకున్నది రెండు కిలోల మూడు వందల గ్రాములు. మిగిలిన లోటు ముప్పై నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది టన్నుల తొమ్మిది వందల తొంభై ఏడు కిలోల ఏడు వందల గ్రాములు. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి టైపు చేశాను. మర్నాడు అత్తయ్య, "ఆ రాయి ఎప్పుడిస్తారే? తలుపు ఒకటే కొట్టుకుంటోంది" అని అడిగింది. సాక్ష్యం కదా, ఇవ్వరని చెప్పాను.

మావయ్యకి మాత్రం కోపం రాలేదు. తెలియనివాళ్ళకి చూపిస్తే సరిపోతుందన్నది ఆయన నమ్మకం. విచారణ కమిటీ అని ముగ్గురిని కూర్చోబెట్టారు. బోల్టు సారు అధ్యక్షుడు. మిగతా ఇద్దరూ ఆయన తల ఊపితే ఊపేవాళ్ళు. మావయ్య నమూనాల గదిలోని చిన్న కొలిమిలో సరిగ్గా వంద గ్రాముల రాయి పెట్టాడు. ఎండబెట్టి, ఏరి తెచ్చిన మంచి రాయి. రెండు గంటల పాటు అందరూ కొలిమి వైపే చూస్తూ కూర్చున్నారు. చల్లారాక తూకం వేస్తే యాభై ఆరు గ్రాములు.

"చూశారా సార్" అన్నాడు మావయ్య.

"చూశాను" అన్నాడు బోల్టు సారు. "మా ముగ్గురి కళ్ళెదుట నలభై నాలుగు గ్రాములు మాయం చేశారు. ఇంత నేర్పు ఉన్న మనిషిని నేను ఎక్కడా చూడలేదు." ఆ పైన మావయ్య జేబులు వెతికించాడు. సుద్దముక్క దొరికితే దాన్నీ తూకం వేశారు. నాలుగు గ్రాములుంది. నలభై ఎటుపోయాయని అడిగారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మావయ్య మాత్రం, సరేనండీ, పోయినదాన్నే పట్టి చూపిస్తాను, రెండు రోజులు టైమివ్వండి అన్నాడు. ఒక వైపు మూసిన ఇనుప గొట్టం సంపాదించాడు. రెండోవైపు సన్న పైపు తగిలించి దాన్ని కాస్టిక్ సోడా నీళ్ళున్న సీసాలోకి దింపాడు. రాయిలోంచి వచ్చే గాలిని ఆ నీళ్ళు పట్టేసుకుంటాయి, అప్పుడు సీసా బరువెక్కుతుంది. మళ్ళీ రెండు గంటలు. సీసాలో బుడబుడమని బుడగలు వస్తుంటే కమిటీ సభ్యుడొకాయన పిల్లాడిలా ముందుకు వంగి చూశాడు. తూకం వేస్తే సీసా నలభై మూడున్నర గ్రాములు పెరిగింది. "ఆ అరగ్రాము?" అన్నాడు బోల్టు సారు. "గొట్టంలో ఉండిపోయింది సార్" అన్నాడు మావయ్య. గొట్టానికి సీలు వేయించారు.

అంతా అయిపోయిందనుకున్నాం. ఆ సాయంత్రం నా చేత ఇంకో కాగితం టైపు చేయించారు. దొంగతనం అభియోగం కొట్టేశారు. దాని బదులు, సరుకుని సీసాలో పట్టుకునే ఉపాయం తెలిసి ఉండి కూడా ఇరవై ఆరేళ్ళ పాటు పట్టుకోకుండా వదిలేసినందుకు నిర్లక్ష్యం కింద అభియోగం. లోటు మాత్రం అలాగే ఉంది. మావయ్య ఆ కాగితం చదివి, "అన్ని సీసాలు ఎక్కడ దొరుకుతాయి?" అన్నాడు. నిజంగానే లెక్క మొదలుపెట్టాడు, నేను నోటుబుక్కు లాక్కున్నాను.

తేదీ ఇరవై ఏడు. ఒళ్ళు మండిపోయి నేనే బోల్టు సారు గదిలోకి వెళ్ళాను. "సార్, వెళ్ళిపోయిన సరుకుకి గేట్ పాస్ ఉంటే లోటు కింద రాదు కదా. ఆ గాలికి గేట్ పాస్ రాసి పారేయండి" అన్నాను. వెటకారంగానే అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆయన మొహం విప్పారింది. పాపం ఆయనకీ నిద్ర పట్టడం లేదట, ఈ లోటు తన హయాంలో బయటపడిందే అని. ఇరవై ఆరేళ్ళకీ కలిపి ఒకే పాసు తయారుచేశాం. సరుకు: గాలి. వాహనం నంబరు: పొగగొట్టం, ఒకటి. పుచ్చుకున్నవారు అన్నచోట, గాలికి సొంతదారు ఉండడు కాబట్టి, వర్తించదు అని రాయించాడు. మావయ్య చేయవలసిందల్లా పరిమాణం దగ్గర ముప్పై అయిదు వేలు అని రాసి సంతకం పెట్టడం.

మావయ్య పెన్ను తీసుకున్నాడు. రాయలేదు. "ఇది ముప్పై అయిదు వేలు కాదు సార్" అన్నాడు.

బల్ల కింద ఆయన కాలు తొక్కాను. తీసేసుకున్నాడు. "రాయిలో అంత గాలి ఉండదు. ఎంతుంటుందో రాయిని బట్టి లెక్కుంది. చూసి చెప్తాను" అని పాసు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులు పాత నోటుబుక్కులు ముందేసుకుని కూర్చున్నాడు. ఏ ఏడు ఏ రాయి వచ్చింది, ఎంత శుద్ధమైనది, ఎంత తడిగా వచ్చింది, ఎంత పచ్చిగా మిగిలింది, అన్నీ. ఇరవై తొమ్మిదిన లెక్క తెచ్చాడు. గాలి ముప్పై మూడు వేల ఆరు వందల టన్నులు. రాయిలో తడి ఆవిరైపోయినది ఏడు వందల ఎనభై.

బోల్టు సారు కూడాడు. "ఇంకా ఆరు వందల ఇరవై తక్కువొస్తోంది."

"అది దుమ్ము సార్. బట్టీ నోరు తెరిచినప్పుడు లేచిన సున్నం దుమ్ము."

"గాలి ఎవరిదీ కాదు, ఆవిరి ఎవరిదీ కాదు. సున్నం మనది. బయటికి వెళ్ళిందంటే పుచ్చుకున్నవాళ్ళ సంతకం ఉండాలి" అన్నాడు బోల్టు సారు. ఆయన గొంతులో కక్ష లేదు. ఆయనకి తెలిసిన నీతి అది. "సంతకం తీసుకురండి, ఆ క్షణమే వదిలేస్తాను."

బయటికి వచ్చాక మావయ్యతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. జీవితంలో ఎప్పుడూ ఆయన ముందు అంత గొంతు పెంచలేదు. "గాలిలో కలిపేస్తే ఎవడికి తెలుస్తుంది మావయ్యా?"

"రాయిలో అంత గాలి లేదే అమ్మాయ్."

"నీకు అత్తయ్య ముఖ్యమా, ఆ ఆరు వందల ఇరవై ముఖ్యమా?"

"రోజూ ఎంత వస్తే అంతే రాశాను" అన్నాడు. "వెళ్ళిపోయే ముందు లేని గాలిని రాసి పొమ్మంటావా? మీ అత్తయ్య ముఖ్యం కాదని ఎవరన్నారు? కానీ చెయ్యి రావడం లేదు." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నేరుగా క్వార్టరుకి వెళ్ళి జరిగిందంతా అత్తయ్యకి చెప్పేశాను. ఆవిడ వింటూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది.

ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం, మావయ్యా నేనూ బోల్టు సారు గదిలో ఉండగా అత్తయ్య వచ్చింది. క్వార్టరు నుంచి ఆఫీసుకి రెండు వందల అడుగులు కూడా ఉండవు, మూడు చోట్ల ఆగి వచ్చింది. కుర్చీలో కూర్చుని ఊపిరి సర్దుకుంది.

"బాబూ, ఆ దుమ్ము పుచ్చుకున్నవాళ్ళ సంతకం కావాలన్నారట. ఎక్కడ పెట్టాలి?" అంది.

బోల్టు సారు లేచి నిలబడ్డాడు. "మీరు పుచ్చుకున్నారా అమ్మా?"

"ఆ ఇంట్లో కాపురానికి వచ్చినప్పటినుంచీ పుచ్చుకుంటూనే ఉన్నాను. ఊడ్చినంత ఊడ్చాను, మిగిలింది లోపలే ఉంది. కావాలంటే డాక్టరు చీటీ ఉంది, ఊపిరితిత్తులకి తీసిన ఎక్స్‌రే ఫోటో ఉంది." కొంగు ముడి విప్పి చీటీ బల్ల మీద పెట్టింది.

ఆయన దాన్ని రెండు వైపులా చదివాడు. రుజువు కాగితం చేతికి వచ్చాక ఆయనకి సందేహం ఉండదు. ఇంకో పాసు తీసి ఒక్కొక్క గడీ అడగడం మొదలుపెట్టాడు. "సరుకు ఒకేసారి అందిందా, విడతలవారీగానా?"

"రోజూ" అంది అత్తయ్య.

విడతలవారీగా అని టైపు చేశాను.

"సరుకు మంచి స్థితిలో అందిందా?"

ఆవిడకి దగ్గు వచ్చింది. అది ఆగేదాకా బోల్టు సారు పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. "సరుకు మంచిదే బాబూ" అంది అత్తయ్య.

మావయ్య నోరు తెరిచాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. ఆ దుమ్ము ఊరంతా పరుచుకుంది, అందులో మా ఇంటి మీద పడింది ఇంతే, అందులో మనిషి ఊపిరిలోకి పోయేది ఇంతే అని. వేళ్ళు కదులుతున్నాయి కూడా. అత్తయ్య ఆయన వైపు ఒక్క చూపు చూసి సంతకం పెట్టేసింది. ఆరు వందల ఇరవై టన్నులు, అందుకున్నాను. మావయ్య నోరు మూసుకున్నాడు.

లోటు సున్నా అయింది. బోల్టు సారు అన్న మాట ప్రకారం ఆ క్షణమే విడుదల కాగితం టైపు చేయమన్నాడు. దాని మాటలు ఎప్పుడూ ఒకటే, నాకు కంఠతా వచ్చు. 'సదరు ఉద్యోగి వద్ద గాని, అతని కుటుంబ సభ్యుల వద్ద గాని సంస్థకు చెందిన పదార్థమేదీ మిగిలి లేదని ధ్రువీకరించడమైనది.' కింద ఉద్యోగి సంతకం ఉండాలి.

కాగితం మావయ్య ముందు పెట్టాను. చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. పక్కనే అత్తయ్య ఊపిరి పీలుస్తోంది. పీల్చినప్పుడల్లా లోపల సన్నగా గీరుకుంటున్న చప్పుడు మాకందరికీ వినిపిస్తోంది. లోపల ఎంత మిగిలి ఉంటుందో లెక్క కట్టగల మనిషి ఆ గదిలో ఆయనొక్కడే. నన్ను పెన్ను అడిగాడు. ఆ వాక్యం పక్కన ఏదో అంకె రాస్తాడేమోనని భయపడుతూనే ఇచ్చాను.

ఏమీ రాయలేదు. మావయ్య సంతకం పెట్టాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన తెలిసీ పెట్టిన తప్పుడు సంతకం అదొక్కటే.